గ్రీన్‌కార్డు తీసుకోమంటున్నాడు మా అబ్బాయి, నాకేమో మనసొప్పడం లేదు

ప్రశ్న: నమస్కారమమ్మా. నేను రైల్వేలో చేసి 2016లో రిటైరయ్యాను. విజయవాడ సత్యనారాయణపురంలో సొంతిల్లు ఉంది. మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఉంటాడు. రిటైరైన ఏడాదే, మనవరాలు పుట్టినప్పుడు, మొదటిసారి వెళ్లాం. తిరిగొచ్చాక ఏడాదిపాటు కనపడ్డ ప్రతివాడికీ ఆ దేశం గురించే చెప్పాను. మా ఆవిడ మాత్రం అక్కడున్న ఆరు నెలలూ సాయంత్రమయ్యేసరికి ఏడ్చేది, జైల్లో పెట్టినట్టుందనేది. ఇప్పటికి అయిదుసార్లు వెళ్లొచ్చాం. ఇప్పుడు అంతా తిరగబడింది. పోయినసారి నేను టీటీడీ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాను, ఆవిడేమో తిరుగు ప్రయాణం రోజు మొహం వేలాడేసుకుంది. అబ్బాయికి సిటిజన్‌షిప్ వచ్చింది, ఇద్దరికీ గ్రీన్‌కార్డుకి పెడతానంటున్నాడు. ఆవిడ సరేనంది, నేను వద్దన్నాను. రెండు నెలలుగా ఇంట్లో మాటల్లేవు. నేను మారానా, ఆవిడ మారిందా? ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్నయ్యగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇద్దరూ మారారు. అందులో ఒకరి తప్పేమీ లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు మీ రోజెలా ఉంది, ఆవిడ రోజెలా ఉంది, ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీరు పొద్దున వాకింగ్, శని ఆదివారాలు కారెక్కి ఊళ్లు చూడటం. ఆవిడకి చంటిపిల్ల, బాలింత కోడలు, రోజంతా వంటిల్లు, బయటికి అడుగు పెడితే ఎటు వెళ్లాలో తెలియదు, ఒక్క మనిషి కనపడదు. అది జైలనిపించక ఏమనిపిస్తుంది? ఇప్పుడు పిల్ల బడికి వెళ్తోంది. ఆవిడకి అక్కడ విష్ణు సహస్రనామం చదువుకునే బృందమో, గుడో, వీధి చివర మాట్లాడే మరో తెలుగావిడో దొరికే ఉంటారు. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లో మనవాళ్లకి కొదవ లేదు. మీకేమో చూడాల్సినవన్నీ చూడటం అయిపోయింది. మనవరాలు బడినుంచి వచ్చి తన గదిలోకి వెళ్లిపోతుంది. మీరు ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు కారు తియ్యాలి. అంటే ఇద్దరి రోజులూ తారుమారయ్యాయి.

నా సంగతి చెబుతాను. నేను గుంటూరు లక్ష్మీపురంలో ఉంటాను, మా అమ్మాయి కూడా టెక్సాస్‌లోనే. మొదటిసారి వెళ్లిన వారంలో పప్పుకి తాలింపు పెట్టాను. ఎండుమిరపకాయలు, ఇంగువ పడగానే కప్పు మీదున్న పొగ అలారం కుయ్యోమని మొదలెట్టింది. పక్కింటివాళ్లు, పోలీసులు అందరూ వచ్చేస్తారనుకుని చేతులు వణికిపోయాయి. అమ్మాయి ఆఫీసులో ఉంది, అల్లుడు మీటింగులో ఉన్నాడు. నాకు ఆ ఇంట్లో తాలింపు పెట్టుకునే హక్కు కూడా లేదనిపించి సాయంత్రం దాకా మంచమ్మీదే పడుకుండిపోయాను. మూడోసారి వెళ్లేసరికి పొయ్యి మీద ఫ్యాన్ ముందే వేసి, వంటింటి కిటికీ తీసి, తువ్వాలు భుజాన వేసుకుని మరీ పోపు పెట్టేదాన్ని. అలారం మోగితే దాని కింద నిలబడి తువ్వాలు ఊపితే ఆగిపోతుందని అప్పటికి తెలుసు. అదే ఇల్లు, అదే అలారం. కాబట్టి ఒక ట్రిప్పులో కలిగిన మనసుని పట్టుకుని జీవితాంతానికి నిర్ణయం చెయ్యొద్దని నేను ఎవరికైనా చెబుతాను. మొదటి ట్రిప్పు మోజుకైనా, అయిదో ట్రిప్పు విసుగుకైనా ఇదే మాట.

ఇక గ్రీన్‌కార్డు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలామంది "ఉంటే ఉంటుందిలే, ఎప్పుడైనా పనికొస్తుంది" అని తీసుకుంటున్నారు. అది అలా బీరువాలో దాచుకునే వస్తువు కాదండీ. అక్కడ స్థిరంగా ఉంటానని ఆ దేశానికి మాటిచ్చినట్టు. మీ చేతిలో ఉన్న విజిటర్ వీసాకి ఆ బాధ లేదు. మనవాళ్లకి మామూలుగా పదేళ్లకి ఇస్తారు, వెళ్లినప్పుడల్లా సాధారణంగా ఆరు నెలలదాకా ఉండనిస్తారు, వచ్చెయ్యాలనిపిస్తే వచ్చెయ్యొచ్చు. గ్రీన్‌కార్డు తీసుకున్నాక ఆరు నెలలు దాటి విజయవాడలో ఉంటే, తిరిగి వెళ్లినప్పుడు ఎందుకు ఉండిపోయారని ఎయిర్‌పోర్టులో అడగొచ్చు. ముందస్తు అనుమతి లేకుండా ఏడాది దాటితే ఆ కార్డు మీద లోపలికి వెళ్లడమే కష్టం. అంటే మీరిప్పుడు ఇష్టంగా ఉంటున్న సత్యనారాయణపురం ఇంటికి ఏడాదికి కొన్ని నెలలు వచ్చిపోయే చుట్టమవుతారు. ఇది ఆవిడకీ తెలియాలి, అబ్బాయికీ తెలియాలి.

డబ్బు సంగతులు కూడా ఇప్పుడే మాట్లాడుకోండి, తర్వాత మొహమాటమవుతుంది. అమెరికా సిటిజన్ అయిన 21 ఏళ్లు దాటిన పిల్లలు తల్లిదండ్రులకి పెట్టొచ్చు, దానికి ఏడాదికి ఇన్నే అన్న కోటా కూడా లేదు, కాబట్టి కార్డు రావడం పెద్ద సమస్య కాకపోవచ్చు. వచ్చాకే ఉంది అసలు సంగతి. 65 దాటిన వాళ్లకి అక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది గానీ, అక్కడ ఉద్యోగం చెయ్యని మీలాంటివాళ్లు గ్రీన్‌కార్డుతో అయిదేళ్లు వరసగా అక్కడ ఉన్నాకే ప్రీమియం కట్టి అందులో చేరగలరు. అంతవరకూ ప్రైవేటు ఇన్సూరెన్స్ కొనుక్కోవాలి, మన వయసుకి ప్రీమియం గట్టిగానే ఉంటుంది. ఇక్కడ రైల్వే ఆసుపత్రిలో కార్డు చూపించి మందులు తెచ్చుకునే అలవాటున్న మీకు ఇది పెద్ద తేడా. మీ అబ్బాయి మిమ్మల్ని పోషిస్తానని సంతకం పెట్టాలి, అది ఊరికే పెట్టే సంతకం కాదు, చట్టం ముందు నిలబడే హామీ. గ్రీన్‌కార్డు వచ్చాక ఇక్కడి పెన్షన్, డిపాజిట్ల వడ్డీ వివరాలు అక్కడి పన్ను లెక్కల్లో చూపాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే దానికి వేరే రిపోర్టు ఇవ్వాలి. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌ని ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి. ఇక్కడ బ్యాంకులో మీ సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడుండే ఖాతాగా, మార్చుకోవాలి. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేయించుకునే వీలుంది, దానికి టెన్షన్ పడకండి.

ఇక మీ ఇద్దరి సంగతి. దరఖాస్తు ఒక ఏడాది ఆపమని అబ్బాయికి చెప్పండి. ఈసారి విజిటర్ వీసా మీదే, నవంబరునుంచి ఏప్రిల్ దాకా ఉండండి. మనవాళ్లంతా మే నెల ఎండలు తప్పించుకోవడానికి వెళ్లి ఆ దేశపు మంచి రోజులే చూసొస్తారు. అయిదున్నరకే చీకటి పడే డిసెంబరులో, మంచు గడ్డకట్టి గుమ్మం దాటలేని రోజుల్లో మీ ఆవిడకి కూడా ఎలా ఉంటుందో తెలియాలి. మీరు కూడా ఆ ఆరు నెలల్లో మీకంటూ ఒక పని పెట్టుకోండి. టెక్సాస్‌లో మా అమ్మాయి వాళ్ల కాలనీ చెరువు చుట్టూ మంకీ క్యాప్ పెట్టుకుని నడిచే ఒకాయన, ఇక్కడ లెక్కల మాస్టారుగా చేసినాయన, పక్క నాలుగిళ్ల పిల్లలకి సాయంత్రం ఎక్కాలు చెప్పడం మొదలెట్టాక మాట్లాడే తీరే మారిపోయింది. వెనకటి ఏడాది ఆయనే నాతో, "ఎప్పుడు టికెట్ దొరుకుతుందా అని చూస్తున్నానమ్మా" అన్నాడు.

ఇంకొక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు ఇక్కడే ఉంటానంటున్నది దేనికోసం? ఇల్లు, పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదుగా వచ్చే గాలి, కూడా పనిచేసిన స్నేహితులు. సరే. ఆ స్నేహితుల్లో ఎంతమంది ఇంకా రోజూ వస్తున్నారు, ఎంతమంది పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు? నిజంగానే మీ రోజు ఇక్కడ నిండుగా ఉంటే ఆ మాట ఆవిడకి వివరంగా చెప్పండి. అమెరికాని తిట్టొద్దు, ఆవిడకది మనవరాలున్న చోటు. ఆవిడని కూడా అక్కడి తన రోజేమిటో గంటగంటకీ చెప్పమనండి. వినండి, మధ్యలో అడ్డు తగలకండి.

ఆవిడకి వెళ్లాలనే ఉండి మీకు లేకపోతే, ఆవిడ అయిదు నెలలు ఉండిరావచ్చు, మీరు చివరి రెండు నెలలు వెళ్లి కలిసి రావచ్చు. భార్యాభర్తలు చెరో దేశంలోనా అని నలుగురూ అనుకుంటారని భయపడకండి. ఇప్పుడు ప్రతి వీధిలోనూ అలాంటి ఇల్లొకటి ఉంది. మీకు బీపీ, షుగర్ ఉంటే ఆ నెలల్లో వంట, మందులు ఎవరు చూస్తారన్నది మాత్రం ముందే ఏర్పాటు చేసుకోండి. ఏదేమైనా ఇల్లు అమ్మొద్దు. అబ్బాయి పేరున ఇప్పుడే రాయనూ వద్దు. మీ అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు, ఆయన మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. మీ మనసు ఇప్పటికే రెండుసార్లు తిరిగింది, మూడోసారి తిరిగితే వచ్చి తాళం తీసుకోవడానికి గుమ్మం ఉండాలి.

ప్రశ్న: నాకు 72 ఏళ్లు. మావారు పోయాక కొడుకు గ్రీన్‌కార్డు చేయించాడు. మోకాలి ఆపరేషన్ కోసం గుంటూరు వచ్చి తొమ్మిది నెలలైంది. డాక్టరు ఇంకొన్నాళ్లు ప్రయాణం వద్దంటున్నారు. కార్డు పోతుందా? నిజం చెప్పాలంటే నాకు మళ్లీ వెళ్లాలని కూడా లేదు, కొడుకుతో అనలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కయ్యగారూ, ఏడాది నిండకముందు వెళ్లగలిగితే కార్డుతోనే వెళ్లొచ్చు. ఆరు నెలలు దాటింది కాబట్టి అడుగుతారు. ఆపరేషన్ కాగితాలు, డాక్టరు రాసిచ్చిన చీటీలు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ చేతిసంచిలో పెట్టుకోండి, సూట్‌కేసులో వెయ్యొద్దు. రెండేళ్లదాకా బయట ఉండేందుకు రీఎంట్రీ పర్మిట్ అని ఉంటుంది గానీ, దానికి అక్కడ ఉన్నప్పుడే పెట్టుకోవాలి, ఇక్కడినుంచి కుదరదు. ఆరోగ్యం వల్ల ఏడాది దాటిపోతే, మన చేతుల్లో లేని కారణం చూపించి కాన్సులేట్‌లో రిటర్నింగ్ రెసిడెంట్ వీసాకి అడగొచ్చు. అది తప్పకుండా వస్తుందని మాత్రం నమ్ముకోకూడదు.

మీ రెండో మాటే నన్ను ఎక్కువ కదిలించింది. వెళ్లాలని లేకపోతే కార్డు మీ ఇష్టంతో వదులుకోవచ్చు, దానికో ఫారం ఉంది. తర్వాత విజిటర్ వీసాకి అప్లై చేసుకుని పిల్లల్ని చూసి రావచ్చు. అలా చేసినవాళ్లు ఉన్నారు, అదేం నేరం కాదు. కొడుకు ఎంతో ఖర్చుపెట్టి చేయించాడన్న మొహమాటం వద్దు. ఫోన్లో చెప్పలేకపోతే ఉత్తరంలా రాసి ఫొటో తీసి పంపండి. "నువ్వు బాగా చూసుకున్నావురా, నాకు ఇక్కడ బాగుంది" అని రాయండి, ఈ రెండు ముక్కలూ ఒకే వాక్యంలో ఉండాలి. మొదటిది లేకపోతే రెండోది గుచ్చుకుంటుంది.

ప్రశ్న: మేమిద్దరం టీచర్లుగా చేశాం. పదేళ్లు న్యూజెర్సీలో పిల్లల దగ్గరుండి, అక్కడి పౌరసత్వం కూడా తీసుకుని, ఉండలేక పోయిన ఏడాది విజయవాడ వచ్చేశాం. ఇప్పుడు ఇక్కడా ఉండలేకపోతున్నాం. ఫుట్‌పాత్ లేదు, హారన్ మోత, చుట్టాల్లో సగం మంది లేరు. తిరిగి వెళ్తామంటే పిల్లలు నవ్వుతారేమో.
– ఒక జంట, మొగల్రాజపురం

జవాబు: పిల్లలు నవ్వరండీ, హడావుడిగా టికెట్లు కొంటారు. అందుకే తొందరపడి చెప్పొద్దు. మీరు పదేళ్లపాటు మనసులో దాచుకున్న విజయవాడ ఒకటి, ఇప్పుడు గుమ్మం బయట ఉన్నది ఇంకొకటి. అక్కడున్నప్పుడు నేను రాత్రి తొమ్మిదింటికి మా చెల్లెలికి ఫోన్ చేసేదాన్ని, ఇక్కడ పొద్దున ఏడున్నర. దాని మాటల కంటే వెనకాల వినపడే కూరలబండి అరుపు, కుక్కరు కూత కోసమే చేసేదాన్నేమో. వచ్చి ఇక్కడ కూర్చున్నాక ఆ అరుపుకి నిద్ర పాడవుతోందని విసుక్కున్నాను కూడా. సర్దుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అక్కడ అలవాటు పడటానికి మీకెన్నాళ్లు పట్టిందో ఇక్కడికీ అన్నాళ్లు ఇవ్వండి.

ఈలోపు ఇల్లు మార్చండి. లిఫ్ట్ ఉండి, నడుచుకుంటూ వెళ్లేంత దూరంలో మందులషాపు, పార్కు ఉండే చోటు చూసుకోండి. పాత ఇంటి మీద మమకారంతో రెండో అంతస్తు మెట్లెక్కొద్దు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉంటే ఎన్నేళ్లయినా ఇక్కడ ఉండొచ్చు, ఓటు వెయ్యడం, పొలం కొనడం లాంటివి మాత్రం కుదరవు. మెడికేర్ మామూలుగా ఇండియాలో వైద్యానికి డబ్బివ్వదు, కాబట్టి ఇక్కడ వేరే ఇన్సూరెన్స్ చూసుకోవాలి. అలాగని మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి ప్రీమియం ఆపెయ్యాలంటే మాత్రం బాగా ఆలోచించండి. మానేసి తర్వాత మళ్లీ చేరితే, మానేసిన ప్రతి పన్నెండు నెలలకీ పదిశాతం చొప్పున పెనాల్టీ ప్రీమియంలో కలుస్తుంది. తిరిగి వెళ్లే ఆలోచన ఏ మూలో ఉన్నంతకాలం కట్టుకోండి.

ప్రశ్న: వచ్చే నెల కోడలి పురిటికి వెళ్తున్నాం. కరివేపాకు, గోంగూర పచ్చడి, ఆర్నెల్ల మందులు తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పచ్చడి గట్టిగా సీలు చేయించుకుని చెకిన్ సామానులో పెట్టుకోండి, అక్కడ దిగగానే కస్టమ్స్‌వాళ్లకి తినే వస్తువులున్నాయని చెప్పండి. పచ్చి కరివేపాకు వద్దు. అది నిమ్మ, నారింజల కుటుంబం, ఆ తోటల్ని పాడుచేసే పురుగు దాని మీద ఉంటుందని ఆపేస్తారు. మందులు సాధారణంగా మూడు నెలలకి సరిపడా తీసుకెళ్లనిస్తారు, డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి, స్ట్రిప్పులు విప్పి డబ్బాల్లో పొయ్యకండి. మిగతా మూడు నెలల సంగతి ఇప్పుడే అబ్బాయితో మాట్లాడండి. విజిటర్లకిచ్చే ఇన్సూరెన్స్‌లో ముందునుంచీ ఉన్న జబ్బుల్ని మామూలుగా కలపరు, కాబట్టి బయల్దేరే ముందు షుగర్, గుండె పరీక్షలు చేయించుకోండి. పుట్టబోయే బిడ్డకి నా ఆశీస్సులు.