స్థలం కొలిపించే ముందు

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు.

పర్లాకిమిడిలో నీ సంపాదనతో స్థలం కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. కడుపు నిండిపోయింది తల్లీ. వెంటనే బెంగ కూడా పట్టుకుంది. స్థలం కొలిచే అమీన్ వచ్చిన రోజున నువ్వు ఫోన్ చూసుకుంటూ పక్కన నిలబడితే ఊరుకోను.

ముందు గుంట సంగతి. హైదరాబాదులో నువ్వు విన్న గుంట 121 గజాలు, ఎకరానికి 40. పర్లాకిమిడి ఒడిశాలోది, అక్కడ గుంటలు ఎకరానికి 25, అంటే గుంటకి 4 సెంట్లు, 193.6 గజాలు. బేరం చదరపు అడుగుల్లోనే మాట్లాడు.

టేపు స్టీలుదే పట్టుకెళ్లు, గుడ్డ టేపు సాగుతుంది. సున్నా కొక్కెం చివర మొదలవుతుందో, లోపలి గీత దగ్గరో చూసుకో. నేల వాలుగా ఉంటే టేపుని మట్టంగా ఎత్తి పట్టించు.

నా భయమంతా కొలత రాసేటప్పుడు అంకెల మధ్య పెట్టే చుక్క మీద. తూర్పు వైపు 32 అడుగుల 10 అంగుళాలు వచ్చిందనుకో, కాగితం మీద 32.10 అని గిలికేస్తారు. కొలిచినవాడికి అవి అంగుళాలు. లెక్క కట్టేవాడికి అది దశాంశం, 32.1. అడుగుకి అంగుళాలు పన్నెండమ్మా, పది కాదు! పదంగుళాలంటే 0.83 అడుగు. 32.1 అంటే 32 అడుగుల మీద ఒక్క అంగుళం చిల్లర. దాదాపు 9 అంగుళాలు పోయినట్టే. పొడవు 50 అడుగులైతే 36 చదరపు అడుగులు దాటింది, ఒక స్నానాల గదంత. 32.5 అని రాస్తే మరీ కష్టం, అయిదంగుళాలో ఆరంగుళాలో తేల్చేవాడుండడు. పక్కవాళ్లు ప్రహరీ కట్టేదాకా తప్పు బయటపడదు, ఆ వేళకి కొలిచిన మనిషి ఎక్కడుంటాడో. అందుకే దస్తావేజులో అడుగులు, అంగుళాలు అక్షరాలా రాయించు. పక్కనే మీటర్లు కూడా వేయించు: 394 అంగుళాలు, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, మొత్తం 10.008 మీటర్లు. రెండూ పొసగకపోతే సంతకం పెట్టకు. ఎవరు తొందరపెట్టినా సరే.

నాలుగు వైపులూ కొలిచి సరిపెట్టొద్దు. భుజాలు అవే ఉన్నా స్థలం పక్కకి ఒరిగితే వైశాల్యం తగ్గిపోతుంది. ఎదురెదురు వైపుల సగటులు గుణించే అలవాటొకటి ఉంది, వంకర స్థలానికి ఆ లెక్క ఎక్కువే చూపిస్తుంది. కొనేది నువ్వు కదా! మూల నుంచి మూలకి రెండు కొలతలూ తీయించు.

ఎండకి గొడుగు తీసుకెళ్లు. సాయంత్రం ఫోన్ చేసి ఆరు కొలతలూ చదివి వినిపించు, కాగితం, కలం పట్టుకుని కూర్చుంటాను.

మీ పెదనాన్న,
రాయగడ