"నావల్ల కాదు" అనిపించేది చాలాసార్లు చెవి ముందుకు వెళ్లినప్పుడే

మీ ప్రశ్న: 38 ఏళ్ల వయసులో ఏదైనా కొత్తది మొదలుపెడితే కొన్ని వారాలకే "ఇది నావల్ల అయ్యే పని కాదు" అనిపించి వదిలేస్తున్నాను, దీన్ని ఎలా దాటాలి? అని.

నేను 40 దాటాక వీణ మొదలుపెట్టాను. నా జవాబంతా అక్కడి నుంచే.

క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్లంతా ఐదో తరగతి, ఆరో తరగతి పిల్లలు. వాళ్ల అమ్మలు బయట వరండాలో, నేను లోపల చాప మీద. ఆ సిగ్గు త్వరగానే పోయింది. వేళ్ల నొప్పి కూడా అంతే. ఎడమచేతి చూపుడు వేలు, మధ్య వేలు తీగ మీద నొక్కి జరపాలి కాబట్టి మొదట్లో చర్మం మీద గాడి పడి మండుతుంది. కొబ్బరినూనె రాసుకుంటూ ఓపిక పడితే కాయ కాస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అందరిలాగే నాకూ మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలతోనే, అంటే స్వరాలను వరసగా పలికించే తొలి పాఠాలతోనే మొదలు. ఇందులో స-రి, గ-మ, ప-ధ, ని-స పక్కపక్క మెట్లే (మెట్లంటే తీగల కింద అడ్డంగా ఉండే కడ్డీలు). కానీ రి నుంచి గకి, ధ నుంచి నికి వెళ్లాలంటే మధ్యలో రెండు మెట్లు వదిలి మూడోదాని మీదికి దూకాలి. తాళంలో ఒక్కో దెబ్బకు ఒక స్వరం చొప్పున ఒకటో కాలంలో, అంటే నిదానపు వేగంలో, బాగానే వస్తుంది. రెండో కాలంలో అదే దెబ్బకు రెండేసి స్వరాలు పడాలి. అక్కడ నా వేలు మెట్టు దాకా సరిగ్గా చేరక తీగ మోగేది కాదు, టప్‌మని చచ్చిన శబ్దం వచ్చేది. నెలలు గడిచేకొద్దీ మొదటికన్నా అధ్వానంగా వాయిస్తున్నానని గట్టిగా అనిపించింది.

ఆ మాటే టీచర్‌గారితో అంటే, "నీ చెవికి తెలివొచ్చిందమ్మా, చేతికి ఇంకా రాలేదు" అన్నారు.

నాకు ఉపయోగపడింది ఈ ఒక్క మాటే. రేడియోలోనో కచేరీలోనో ఏళ్ల తరబడి మంచి సంగీతం విన్న చెవి మనది. మంచి సంగీతానికీ మన చేతిలో పలికేదానికీ ఉన్న తేడా దానికి వెంటనే తెలిసిపోతుంది. పక్కనున్న పిల్లకు ఆ తేడా ఇంకా వినపడదు, అందుకే హాయిగా వాయించేస్తుంది. మన అనుమానం ఈరోజు చేయి గురించి చెప్పేది చాలావరకు నిజమే. వచ్చే ఏడాది చేయి ఎలా ఉంటుందో మాత్రం దానికి తెలియదు.

అందుకే అనుమానం పోయాక కూర్చుందామని ఎదురుచూడడం మానేశాను. వీణను పెట్టెలో పెట్టకుండా హాల్లో చాప మీదే ఉంచాను. తీయాలా వద్దా అని నాతో నేను వాదించుకునే అవకాశమే లేకుండా పోయింది. తడబడినప్పుడు వరస మొత్తం మళ్లీ వాయించకుండా ఆ రి-గ దూకుడు ఒక్కటే, శుభ్రంగా పలికేంత నిదానంగా వాయించేదాన్ని. ఫోన్‌లో రికార్డు చేసి ఆరోజు వినేదాన్ని కాదు, బాగా పాతబడ్డాక వినేదాన్ని. అప్పుడే తేడా తెలుస్తుంది. అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అనుకోవడం లాంటివి నాకైతే పనిచేయలేదు. "ఇప్పుడు నేర్చుకుని కచేరీలు చేస్తావా?" అన్న బంధువులకు జవాబు చెప్పాలని కూడా అనిపించలేదు.

ఇంకో సంగతి. ఒక్కోసారి లోపం మనలో ఉండదు. వీణ మెట్లను మైనం మీద అమరుస్తారు. మైనం వదులై అవి కాస్త కదిలితే ఎంత బాగా నొక్కినా అపస్వరమే పలుకుతుంది. నా పాత వీణకు మళ్లీ మేళం కట్టించాక, అంటే కొత్త మైనం మీద మెట్లను సరిగ్గా అమర్పించాక, సగం "నావల్ల కాదు" దానంతటదే పోయింది. కుట్టు మిషనైనా, కారైనా, ముందు పనిముట్టును తెలిసినవాళ్లకు చూపించండి.

మీరు ఏం నేర్చుకుంటున్నారో రాయలేదు. వదిలేసిన వాటిలో ఒకటి తీసుకుని, సరిగ్గా ఎక్కడ ఆగిపోయారో ఒక్క వాక్యంలో రాసి చూడండి. "నావల్ల కాదు" అంటే ఏ టీచరూ ఏమీ చేయలేరు. "రి నుంచి గకి వేలు అందట్లేదు" అంటే మీ చేయి పట్టుకుని చూపిస్తారు.