అల్లుడూ, జెండా వైపు చూడకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన గోల్ఫ్ స్కోర్ కార్డు ఫోటోని పెద్దది చేసుకుని రెండుసార్లు చూశాను. పద్దెనిమిది గుంటల్లో, అంటే హోల్స్‌లో, బంతి వెయ్యడానికి 107 షాట్లు. ఎంత తక్కువైతే అంత మేలైన ఆట ఇది. కింద "స్వింగ్ ఎక్కడో తేడా కొడుతోంది మామయ్యా, కోచ్‌ని మార్చాలేమో" అని రాశావు. పాపం ఆ కోచ్ జోలికి పోకు. కార్డు నిండా ఐదులూ ఆరులూ ఉన్నాయి, అవి నీ స్వింగ్, అంటే కర్ర ఊపే తీరు, తెచ్చిన అంకెలు. నాలుగో హోల్‌లో 9, పదకొండులో 10, పదహారులో 9 ఉన్నాయి చూడు, అవి నీ బుర్ర తెచ్చినవి. నాలుగూ పదహారూ పార్ 4, పదకొండు పార్ 5 (పార్ అంటే మంచి ఆటగాడికి ఆ హోల్‌లో పట్టాల్సిన షాట్లు). ఆ మూడింట్లో డబుల్ బోగీతో, అంటే పార్ కంటే రెండు ఎక్కువతో, బయటపడి ఉంటే 6, 7, 6. మొత్తం 98. అదే స్వింగ్, అదే కోచ్.

వచ్చే నెల గోల్కొండలో మీ కంపెనీ వాళ్ల టోర్నమెంట్ ఉందన్నావు. నెల రోజుల్లో కొత్త స్వింగ్ రాదు. ఉన్నదాంతో వంద లోపు ఎలా రావాలో చెబుతాను. నేను ముప్పై ఏళ్లుగా విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడుతున్నాను. 1884 నుంచీ ఉన్న క్లబ్బు అది. అక్కడ నా కంటే గొప్ప స్వింగ్ ఉన్నవాళ్ల దగ్గర నేను గెలుచుకున్న ఫిల్టర్ కాఫీలకు లెక్క లేదు. కాబట్టి కాస్త ఓపికగా చదువు.

ముందు కూడికలు. పార్ 72 అనుకుందాం. తొమ్మిది బోగీలు (పార్ కంటే ఒకటి ఎక్కువ), తొమ్మిది డబుల్ బోగీలు వేస్తే ఎంత? 99. పద్దెనిమిది హోల్స్‌లో ఒక్క పార్ కూడా కొట్టకుండా వంద లోపు వచ్చేశావు. ఇంత చిన్న లెక్క నా బుర్రకెక్కడానికి ఆరేళ్లు పట్టింది. అప్పటిదాకా ప్రతి హోల్‌లోనూ పార్ కోసం వెళ్లి ఎనిమిదితో తిరిగొచ్చేవాణ్ణి. కార్డు మీద హోల్ నంబరు పక్కన స్ట్రోక్ ఇండెక్స్ అని 1 నుంచి 18 దాకా ఇంకో అంకె ఉంటుంది, హోల్ ఎంత కష్టమో చెప్పేది. ఆట మొదలుపెట్టే ముందు పెన్సిల్ తీసుకుని, 1 నుంచి 9 ఇండెక్స్ ఉన్న హోల్స్‌కి పార్ మీద రెండు, మిగతావాటికి ఒకటి కలిపి నీ పార్ నువ్వు రాసుకో. పార్ 4 పక్కన 6 అని కనబడగానే చేతుల్లో బిగువు తగ్గుతుంది. ఆరు షాట్లు ఉన్నప్పుడు 400 గజాల హోల్‌లో రెండో షాట్‌కే గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎక్కాలన్న తొందర ఎందుకు? (మీరంతా యార్డ్స్ అంటారు. మనం స్థలాలు కొలిచే గజం కూడా అదే కాబట్టి నేను గజాలనే రాస్తాను.)

ఇక టీ దగ్గరికి, అంటే ప్రతి హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటికి రా. మీ అమ్మ పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లడం గుర్తుందా? చెయ్యి ఒకవైపే ఊపుతుంది, నీళ్లు మాత్రం ఇంత మేర చెదిరి పడతాయి. దూరం కొట్టే ఆ పెద్ద కర్ర, నీ డ్రైవర్ కూడా అంతే. ఒకే చోటికి గురిపెట్టి ఇరవై బంతులు కొడితే అరవై, డెబ్భై గజాల వెడల్పున చెదురుతాయి, అందులో ఎక్కువ కుడివైపు. నీ షాట్ అంటే ఆ చెదురు మొత్తం. ఇరవైలో ఒక్కటి నిటారుగా వెళ్లి 240 గజాలు పడిందే, దాన్ని నీ షాట్ అనుకుని గురిపెడితే మిగతా పంతొమ్మిదీ నిన్ను మోసం చేసినట్టే అనిపిస్తుంది.

అందుకని టీ మీద నిలబడ్డప్పుడు ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారి) మధ్యని చూసి ఆగిపోకు. ఆ కళ్లాపి మొత్తాన్ని మనసులో నేల మీద పరిచి చూడు. ఏ పక్కన తెల్ల కర్రలున్నాయి, ఏ పక్కన నీళ్లున్నాయి, ఏ పక్కన ఉత్త గడ్డే ఉంది? ఉత్త గడ్డిలో పడ్డా పరవాలేదు, ఇంకో షాట్ ఉంటుంది. తెల్ల కర్ర దాటితే ఓబీ (హద్దు అవతల), అంటే ఒక పెనాల్టీ కలుపుకుని మళ్లీ అదే చోటు నుంచి మూడో షాట్. కుడివైపు ఓబీ ఉంటే టీ బాక్స్‌లో కుడి చివరికి వెళ్లి బంతి పెట్టి, ఎడమ రఫ్ (పొడుగు గడ్డి) వైపు గురిపెట్టు. నీ స్లైస్, అంటే బంతి కుడికి తిరిగే ఆ వంపు, దాన్ని మధ్యకి తెస్తుంది. చాలామంది కుడివైపు భయంగా ఉందని ఎడమ చివరికి జరుగుతారు. కుడికి తిరిగే బంతికి అక్కడి నుంచి దారి ఇంకా ఇరుకవుతుంది.

డ్రైవర్‌ని ఇంట్లో వదిలేసి రమ్మని మా వయసు వాళ్లు చెబుతుంటారు. నేను ఒప్పుకోను. కొలంబియా యూనివర్సిటీలో మార్క్ బ్రోడీ అనే ప్రొఫెసర్ లక్షల షాట్ల లెక్కలు తీసి, టీ నుంచి దూరం కొట్టడం వల్ల ఎంత లాభమో చూపించాడు. గ్రీన్‌కి దగ్గరవుతున్న కొద్దీ ఆట తేలికవుతుంది, ఇందులో వాదనకేమీ లేదు. నీ కళ్లాపి పట్టే చోట డ్రైవర్ తియ్యి. రెండు పక్కలా నీళ్లో, ఓబీయో ఉన్న చోట దూరం తగ్గినా అదుపులో ఉండే హైబ్రిడ్ తియ్యి. అంతకు మించి ఆలోచించకు, వెనక ఇంకో బ్యాచ్ నిలబడి ఉంటుంది.

ఇప్పుడు నా పరువు తీసుకునే కథ ఒకటి. ఏ కోర్స్ అన్నది వదిలెయ్. పార్ 5, ఎడమవైపు చెరువు. నా డ్రైవ్ కుడికి పోయి వేపచెట్ల కింద పడింది. రెండు మానుల మధ్య తలుపు రెక్కంత సందు, అందులోంచి దూరంగా హోల్‌లో పాతిన జెండా. బ్యాగ్ మోసే మా క్యాడీ ముసలాయన ఏమీ అడగకుండానే తక్కువ దూరం కొట్టే ఎయిట్ ఐరన్ బయటికి తీసి, పిడి నా వైపు పెట్టి, "పక్కకి తీసెయ్యండి సార్" అన్నాడు. నేను వినకుండా బ్యాగ్‌లోంచి దూరం కొట్టే ఫోర్ ఐరన్ లాక్కున్నాను. బంతి మానుకి తగిలి నా చెవి పక్కనుంచి వెనక్కి వెళ్లింది. మళ్లీ అదే సందు, అదే ఫోర్ ఐరన్. ఈసారి కొమ్మకి తగిలి కాళ్ల దగ్గర పడింది. నాలుగో షాట్‌కి పక్కకి తీశాను. పోయినవి వెనక్కి తెచ్చుకోవాలి కదా అని ఐదోది ఇంకా దూరం కొట్టే 3 వుడ్‌తో బాదితే చెరువులో పడింది. పెనాల్టీ, గ్రీన్‌కి ముందే ఆగిపోయిన బంతి, ఒక చిప్ (చిన్న షాట్), రెండు పట్‌లు (గ్రీన్ మీద దొర్లించేవి), మొత్తం పది. ముసలాయన ఆ ఎయిట్ ఐరన్‌ని అప్పటిదాకా చేతిలోనే పట్టుకు తిరిగాడు. నేను పట్ వేశాక దాన్ని తువ్వాలుతో తుడిచి, ఒక్క మాటా అనకుండా బ్యాగ్‌లో పెట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నీ పదకొండో హోల్ పది కూడా ఇలాంటిదే అయి ఉంటుందని పందెం కాస్తాను.

మనమే కాదు, మహా మహా వాళ్లకీ తప్పలేదు. 1999 బ్రిటిష్ ఓపెన్, స్కాట్లండ్‌లోని కార్నూస్టీ. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డ వెల్డ్ ఆఖరి హోల్‌కి వచ్చేసరికి మూడు షాట్ల ఆధిక్యంలో ఉన్నాడు. పార్ 4. ఆరు కొట్టినా కప్పు అతనిదే. డ్రైవర్ తీస్తే బంతి కుడివైపు చాలా దూరం పోయింది, అదృష్టం కొద్దీ నీళ్లలో పడలేదు. రెండోది 2 ఐరన్‌తో నేరుగా గ్రీన్ మీదికి కొడితే, ప్రేక్షకుల గ్యాలరీ కమ్మీకి తగిలి, వాగు గట్టు రాళ్లకి కొట్టుకుని, వెనక్కొచ్చి మోకాలి ఎత్తు గడ్డిలో పడింది. మూడోది వాగులోకి పోయింది. బూట్లూ మేజోళ్లూ విప్పి, వరినాట్లకి దిగినట్టు ప్యాంటు పైకి మడిచి, నీళ్లలో నిలబడి చూశాడు పాపం. చివరికి ఒక పెనాల్టీ షాట్ కలుపుకుని డ్రాప్ తీసుకున్నాడు (బంతిని బయట వదిలాడు), ఐదోది బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడింది, మొత్తం ఏడు. సమానంగా నిలిచినవాళ్ల ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు, ఆ రోజు పది షాట్లు వెనకబడి మొదలుపెట్టినవాడు.

అందరూ ఆ డ్రైవర్‌నీ, 2 ఐరన్‌నీ తిడతారు. నేను తిట్టను. కమ్మీకి తగిలి వెనక్కి రావడం దురదృష్టం. నాకు మింగుడుపడనిది మూడో షాట్. బంతి దట్టమైన గడ్డిలో ఉంది, ముందు వాగు ఉంది, చేతిలో ఇంకా నాలుగు షాట్లు ఉన్నాయి. పక్కకి ఫెయిర్‌వే మీదికి ఒకటి, గ్రీన్ మీదికి ఒకటి, రెండు పట్‌లు. ఆరుతో కప్పు ఇంటికి. చెడ్డ షాట్ తర్వాత వచ్చే షాట్ దగ్గరే నీకూ నాకూ అతనికీ బుర్ర పనిచెయ్యదు. అందుకే నేనొక పద్ధతి పెట్టుకున్నాను: చెట్లలోకి గానీ గుబురులోకి గానీ బంతి పోతే నడుస్తూ నడుస్తూనే ఎయిట్ ఐరన్ చేతిలోకి తీసుకుంటాను. బంతి దగ్గరికెళ్లాక ఎంత అందమైన సందు కనబడినా చేతిలో వేరే క్లబ్, అంటే వేరే కర్ర, ఉండదు.

మీ హైదరాబాద్ కోర్సుల్లో రాళ్లతో ఇంకో గొడవ. బౌల్డర్ హిల్స్‌లో పేరులోనే ఉన్నాయి కదా. బండ పక్కన ఇరుక్కున్న బంతిని కొట్టి మణికట్టు విరగ్గొట్టుకోకు. అన్‌ప్లేయబుల్ (ఆడలేని బంతి) అను, ఒక షాట్ కలుపుకో, రెండు క్లబ్‌ల పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్ చెయ్యి. ఒక షాట్ పోవడం చౌక బేరం. బంతి దొరుకుతుందో లేదో అన్న అనుమానం వస్తే కదలకముందే "ప్రొవిజనల్ ఆడుతున్నాను" అని ఆ మాట పైకి అని, మొదటిది దొరక్కపోతే పనికొచ్చేలా ఇంకోటి కొట్టు. వెతకడానికి ఇప్పుడు మూడు నిమిషాలే, 2019కి ముందు ఐదు ఉండేవి. ఓబీకి రెండు షాట్లు కలుపుకుని ఫెయిర్‌వే అంచున డ్రాప్ చేసే లోకల్ రూల్ కూడా కొన్నిచోట్ల పెడతారు, మొదలుపెట్టే ముందే అడిగి తెలుసుకో. వాన పడ్డాక ఫెయిర్‌వేలో గానీ రఫ్‌లో గానీ బంతి తను పడ్డ గుంటలోనే కూరుకుపోతే పెనాల్టీ లేకుండానే తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక బురదలోంచి కొట్టేవాళ్లని ప్రతి వానాకాలం చూస్తుంటాను.

గ్రీన్ సంగతికొస్తాను, పైన శీర్షిక దాని కోసమే పెట్టాను. జెండాని ఎక్కడ పాతాలన్నది కోర్స్ వాళ్ల ఇష్టం, దాని వెంట పడాలని రూలేమీ లేదు. జెండా కుడి అంచున, బంకర్ వెనక ఉంటే నువ్వు దాని వైపు కొట్టిన బంతుల్లో సగం ఇసుకలోకే పోతాయి. గ్రీన్ మధ్యకి కొట్టు. కాస్త కుడికి పోతే జెండా దగ్గర, కాస్త ఎడమకి పోతే గ్రీన్ మీదే. దూరానికి కూడా ఇదే. నువ్వు సెవెన్ ఐరన్ 150 గజాలు కొడతానంటావు. ఒకరోజు ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్లి ఇరవై కొట్టు. బాగా పడ్డ ఐదూ, పాడైన ఐదూ వదిలెయ్. మిగిలిన పది ఎక్కడ పడ్డాయో అదీ నీ సెవెన్ ఐరన్. 135 దాటితే నేను మీసం తీసేస్తాను. మనలాంటి వాళ్ల బంతులు గ్రీన్‌కి ముందే ఆగిపోతాయి, దాటి పోయేవి తక్కువ. బంకర్లు కూడా చాలా చోట్ల ముందే ఉంటాయి. అందుకని ఒక క్లబ్ పెద్దది తీసుకుని తాపీగా ఆడు. మాకిక్కడ మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొచ్చినప్పుడు రెండు క్లబ్‌లు పెద్దవి తీస్తాం. గాలి మీద కోపంతో గట్టిగా కొడితే బంతి ఇంకా పైకి లేచి అక్కడే కూలబడుతుంది.

పట్ గురించి ఒక్క మాట. ఎనిమిది అడుగుల పట్ పీజీఏ టూర్ వాళ్లకే ఇంచుమించు సగం సార్లు పడుతుంది. ఇరవై అడుగులైతే ఏడింట ఒకటి. నువ్వు ఎనిమిది అడుగులది పోయిందని పట్టర్‌తో షూ మీద కొట్టుకుంటున్న వీడియో చూశాను, మీ అత్తయ్య కూడా చూసింది. ముప్పై అడుగుల నుంచి హోల్‌లో వెయ్యాలని చూడకు, ఒక బకెట్ పెట్టినట్టు ఊహించుకుని దాని పక్కన ఆపు. లైన్ కంటే ఎంత బలంగా కొట్టాలన్నదే అక్కడ ముఖ్యం. దానికి ప్రాక్టీస్ గ్రీన్ మీద పది నిమిషాలు చాలు, టీ టైమ్‌కి పావుగంట ముందే వెళ్లు. ఔటర్ రింగ్ రోడ్ దిగి పరిగెత్తుకుంటూ మొదటి టీ ఎక్కితే మొదటి మూడు హోల్స్ ఆ హడావుడికే పోతాయి.

క్యాడీ ఇస్తే అతను చెప్పేది విను. గోల్కొండ కోటలో నయా ఖిల్లా గోడల పక్కన ఆ గ్రీన్లు ఎటు వాలతాయో నీ ఫోన్‌లోని యాప్ కంటే అతనికి బాగా తెలుసు. "సాత్ నంబర్ మారో సాబ్" (సెవెన్ ఐరన్ కొట్టండి సార్) అంటే అది నీ స్వింగ్ రెండు హోల్స్ చూసి చెప్పిన మాట. నీ బ్యాచ్‌లో అందరూ నవ్వుతారని ఫైవ్ ఐరన్ తియ్యకు. ఏం తినబోతావో కూడా ముందే చూసుకో. తొమ్మిదో హోల్ దాటాక ఖాళీ కడుపుతో తీసుకునే నిర్ణయాలు నీవి కావు. ఒక అరటిపండు, ఉప్పూ చక్కెరా కలిపిన నిమ్మరసం బ్యాగ్‌లో పెట్టుకో.

ఆ రోజు సాయంత్రం కార్డు ఫోటో పంపు. మొత్తం ఎంతో చెప్పకు, ఎనిమిదులూ తొమ్మిదులూ ఎన్ని ఉన్నాయో నేనే లెక్కపెట్టుకుంటాను. ఒక్కటి కూడా లేకపోతే దసరాకి వచ్చినప్పుడు నా పాత ఎయిట్ ఐరన్ నీకిచ్చేస్తాను, పిడికి కొత్త గ్రిప్ వేయించాను. ఉంటే మాత్రం నీ 3 వుడ్ ఇక్కడ నా దగ్గర వదిలి వెళ్లాలి.

మీ అమ్మని అడిగానని చెప్పు. ఆవకాయ జాడీ పగలకుండా చేరింది.

మీ మామయ్య