పెత్రమాస నుంచి సద్దుల దాంక: మొదటిసారి బతుకమ్మ పేర్చే బిడ్డకు

బిడ్డా,

ఈ ఏడు మీ సొంత ఇంట్ల, నీ చేతులతోటి బతుకమ్మ పేర్చుకుంటున్నవు. మంచి మాట. "ఊరికే పూలు పేర్చుడేనా పెద్దమ్మా, దాని వెనుక ఏమన్న అర్థం ఉందా?" అని అడిగినవు. అర్థం ఒక దిక్కు, పని ఒక దిక్కు లేవు. ఏ పని ఎప్పుడు చేస్తమో ఆ వరుసలనే అర్థం ఉంటది. అందుకే పని చెప్పుకుంటనే పోత.

పండుగ మొదలయ్యేది పెత్రమాస నాడు, భాద్రపద అమావాస్య. పొద్దున పోయినోళ్ల పేర్లు చెప్పి పెద్దలకు బియ్యం ఇచ్చుకుంటం. అదే రోజు సాయంత్రం బతుకు పేరు పెట్టుకున్న తల్లిని పేరుస్తం. రెండింటి నడుమ ఒక్క పూటే. చాలమంది పొద్దటి పని విడిచిపెట్టి నేరుగ పూల దగ్గరికే ఉరుకుతరు. నువ్వు అట్ల చెయ్యకు. అయ్యవారు దొరకకపోతే నువ్వే పేర్లు చెప్పి, ఒక పూటకు సరిపడ బియ్యం, పప్పు, చింతపండు, రెండు తీర్ల కూరగాయలు అక్కరున్న ఇంటికి ఇయ్యి. చావును యాది చేసుకున్న ఇంట్లనే బతుకును పిలుస్తం. ఈ పండుగల నాకు తెలిసిన లోతు అదే.

ఇంకోటి గమనించు. అమావాస్య నాడు చందమామ ఉండడు. సద్దుల నాటికి, అంటే ఆఖరి తొమ్మిదో నాటికి, అష్టమి, పొద్దుగూకే యాళ్లకు సగం చందమామ తల మీద ఉంటడు. బతుకమ్మ కూడ అంతే, మొదటి నాడు చిన్నగ మొదలై రోజురోజుకు పెరుగుతది. మొదటి రోజు ఐదు అంతరాలు, అంటే ఐదు పూల వరుసలు, చాలు. అప్పుడే నడుమెత్తు పేరిస్తే తొమ్మిదో నాడు పెంచనీకె ఏం మిగలది. 2014ల రాష్ట్ర పండుగ చేసినంక ఎత్తు పోటీలు ఎక్కువైనయ్. చూడనీకె బాగుంటయ్, ఇంట్ల మాత్రం ఆ పోటీ వద్దు.

ఇగ పూలు. తంగేడు, గునుగు ఉంటే బతుకమ్మ అయినట్టే. బంతి, చామంతి, కట్లపూలు, గుమ్మడి పూలు, సీతమ్మజడ దొరికినంత. గునుగును రైతు చేన్ల కలుపని పీకి గట్టు మీద పారేస్తడు. తంగేడు బీడు భూముల, తొవ్వ పొంటి దానంతటదే పెరుగుతది. వీటిని ఎవరూ నీళ్లు పోసి పెంచరు, గుడికి పట్టుకపోయేది కూడ తక్కువే. ఎవరికీ పట్టని పువ్వును తెచ్చి అడుగున, నడుమ కూసోబెట్టి మొక్కుతం. బజార్ల బంతిపూల రాశి చూసి తంగేడు మానేస్తే పండుగల సగం పోయినట్టే. పట్నంల పండుగ ముందటి దినాల్ల ఊర్ల నుంచి తెచ్చి కట్టలు అమ్ముతరు, పొద్దున్నే పోతే తాజావి దొరుకుతయ్.

తంగేడు రెక్కలు తొందరగ రాలుతయ్. తెచ్చినంక బకెట్ల ముంచి పెట్టకు, తడిగుడ్డల చుట్టి నీడకు పెట్టు. గునుగుకు ఆ బాధ లేదు, వారమైనా వాడినట్టు కనపడది. మొదటి నాటిని ఎంగిలిపూల బతుకమ్మ అంటరు. పూలు ముందు రోజే తెంపి నీళ్లు చల్లి ఉంచుతరు కాబట్టి ఆ పేరని కొందరు, ఆ రోజు తిన్నంకనే పేరుస్తం కాబట్టి అని ఇంకొందరు చెప్తరు. నిద్రపోయిన పువ్వయినా, తిన్న చెయ్యయినా ఈ తల్లికి పనికిరాదన్నది లేదు. అది మాత్రం మనసుల పెట్టుకో. గుమ్మడి పువ్వు తెంపేటప్పుడు కాడ మొదలు చూడు. పువ్వు కింద గోలీ అంత పిందె ఉంటే అది కాయయ్యేది, ముట్టుకోకు. సన్నని పొడుగు కాడ ఉన్నదే తెంపు.

గౌరమ్మను ముందుగాలనే చేసి పెట్టుకో. నాలుగు చెంచాల పసుపుకు చెంచా నీళ్లతో మొదలుపెట్టి, చాలకుంటే చుక్క చుక్క కలుపు. ఒక్కసారే పోస్తే జారుడు ముద్ద అయితది, నిలబడది. మరీ పొడిగ చేస్తే సాయంత్రానికి పగుళ్లు వస్తయ్, అప్పుడు తడివేలితోటి పైన రుద్దితే సరిపోతది. బొటనవేలంత ఎత్తు, కింద వెడల్పు, మీద సన్నం. కుంకుమ బొట్టు పెట్టి తమలపాకుల కూసోబెట్టు. రాయి కాదు, లోహం కాదు. పొద్దున నీ అరచేతుల పుట్టి సాయంత్రం చెయ్యి దాటే దేవత ఆమె. మంత్రం లేదు, పూజారి లేడు.

పేర్చుడే అసలు పని. అడుగు వెడల్పు తాంబాళం తీసుకో, నడుమ పసుపుతో బొట్టు పెట్టు. గుమ్మడాకులో ఆముదపాకులో ఒకదాని మీద ఒకటి వచ్చేటట్టు పరుచు. పూల కాడలన్ని బెత్తెడు ఉంచి ఒకే కొలతకు కోయి. మొదటి వరుస తంగేడు, పువ్వు బయటికి, కాడ లోపలికి. గునుగును ఏడెనిమిది కలిపి దారంతో కట్టి రెండో వరుస పెట్టు. ప్రతి వరుస కింది దానికంటే వేలెడు లోపలికి జరగాలె. వరుస అయిందంటే నడుమ గుంట పడతది. దాన్ని తరిగిన ఆకులు, మిగిలిన కాడలతో నింపి అరచేతితో గట్టిగ అదుము.

చాల బతుకమ్మలు ఇక్కడనే చెడుతయ్. నడుమ నింపుడు మరిచి పై వరుసలకు పోతే, ఐదో వరుసకు మొత్తం లోపలికి కుంగుతది. ఒక దిక్కు కాడలు పొడుగు, ఒక దిక్కు పొట్టి ఉంటే పక్కకు ఒరుగుతది. ఒరిగినంక పైనుంచి సరిచేసుడు కుదరది, ఒరుగు మొదలైన వరుస దాంక విప్పుకోవాల్సిందే. రెండు వరుసలకొకసారి తాంబాళం తిప్పి కండ్ల ఎత్తుల పెట్టి చూసుకుంటే ఆ తిప్పలు రావు. నింపే ఆకు తడిగ ఉండొద్దు, బరువెక్కుతది, అడుగున నీళ్లు కారుతది. గునుగుకు రంగు అద్దుతవా, కొసలే ముంచి నీడల నాలుగైదు గంటలు ఆరబెట్టు. ఆరకుండ పెడితే ఆ నీలం, గులాబీ రంగు కింది తంగేడుకంతా అంటుతది. సగం గునుగును తెల్లగనే ఉంచుమని నా మాట. ఆ వెండి రంగుకు ఏ రంగూ సాటి రాదు.

శిఖరం మీద గుమ్మడి పువ్వు, దాని పక్కన తమలపాకుల గౌరమ్మ. అగరొత్తులు పూలకు కాకుండ నడుమ ఆకులకు గుచ్చు. పెద్ద బతుకమ్మ పక్కన చిన్న తోడు బతుకమ్మను కూడ పెట్టు. ఎంత పెద్దదైనా ఒంటరిగ పంపొద్దు.

నైవేద్యాలల్ల నువ్వు భయపడాల్సింది ఏం లేదు. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఆ రోజు పేర్లనే వంట ఉంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ నాడు పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. "ఒక్కరోజు ఖాళీ ఎందుకు" అని కొత్తోళ్లు ఆ నాడు కూడ పేరుస్తరు. వద్దు. తల్లికి కూడ అలిగే హక్కు ఉందని ఒప్పుకునే పండుగ ఇది, ఇంట్ల ఆడోళ్ల సంగతి వేరే చెప్పాల్నా? ఆ రోజు పూలు ముట్టకు, నడుము వాల్చు.

సద్దుల నాడు పెరుగు, పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, ఐదు సద్దులు, అంటే ఐదు తీర్ల కలిపిన అన్నాలు. అన్నం ముందుగాల వెడల్పు పళ్లెంల చల్లార్చు, వేడి మీద కలిపితే ముద్ద కడతది. పెరుగు సద్ది సాయంత్రం దాంక పులవకుండ ఉండాలంటే పాలు ఎక్కువ పోసి పెరుగు రెండు చెంచాలే కలుపు. నువ్వులు సన్నమంట మీద చిటపటమనంగనే దించు, నల్లబడితే చేదు. కొబ్బరిది అన్నింటికంటే తొందరగ పాడైతది, ఆఖరుకు చెయ్యి. మలీద అనే తీపికి నాలుగు గోధుమ రొట్టెలు, అరకప్పు బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి. రొట్టె గోరువెచ్చగ ఉన్నప్పుడే నలుపు, చల్లారితే సాగుతది. వేములవాడ దిక్కు సద్దులు ఏడో రోజే చేస్తరు. మీ అత్తగారి ఆనవాయితీ ఏందో ఒకమాట అడిగి తెలుసుకో.

ఆట కాడ పాట రాదని వెనుకకు జరగకు. ఒకామె చరణం ఎత్తుకుంటది, మిగిలినోళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటరు. వంగినప్పుడు చప్పట్లు, అడుగు ముందుకు, అంతే. ఒక మాట గట్టిగ చెప్త: పుస్తె లేని ఆడమనిషిని ఆ గుండ్రం బయట నిలబెట్టకు. పేరే బతుకమ్మ అయినప్పుడు, బతుకుతున్న మనిషిని ఎట్ల పక్కకు పెడతం? ఎవరన్న ముఖం ముడిస్తే ముడవనీ, చెయ్యి పట్టుకొని తెచ్చి నీ పక్కన నిలబెట్టుకో.

నీళ్లల్ల విడిచే ముందు గౌరమ్మను తీసి ఆ పసుపు అందరూ పంచుకోవాలె. తర్వాత తాంబాళం నీళ్లకు ఆనించి మెల్లగ ఒంచు, అడుగు ఆకులతో సహా జారిపోతది. దూరం నుంచి విసిరితే బోర్ల పడతది. ప్లాస్టిక్ పువ్వు, జరీ దారం, థర్మాకోల్ ఉంటే ముందే తీసెయ్యి, అసలు పెట్టకుంటేనే మంచిది. పూలతో చెరువు శుద్ధి అయితదంటరు. నిండు చెరువుకు నాలుగు బతుకమ్మలైతే సరే, చిన్న కుంటల వందలు పడితే పూలు కుళ్లి చేపలకు ఊపిరాడది. మీ దగ్గర చెరువు లేకుంటే పెద్ద టబ్బుల విడిచి, తెల్లారి ఆ పూలు కుండీల మట్టిల కలుపు, తప్పేం లేదు. పొద్దంత కష్టపడి పేర్చింది కండ్ల ముంగట జారిపోతుంటే గుండె పట్టినట్టయితది. కానియ్యి. ఫోటోల కోసం ఇంకో పూట ఆపుదామని మాత్రం అనుకోకు.

పేర్చే ముందు గునుగు కట్టల నుంచి బాగ ముదిరిన కంకులు నాలుగు పక్కకు తీసి కాగితంల చుట్టి పెట్టు. ఎండినంక నలిపితే ఆవగింజ కంటే చిన్నగ, నల్లగ మెరిసే గింజలు రాలుతయ్. తొలకరికి కుండీల చల్లి, మీద మట్టి పలచగ వెయ్యి, లోతుగ పాతితే మొలవయ్.

మీ పెద్దమ్మ