వినికిడి లోపం సంగతి కంపెనీకి చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి వినికిడి లోపం. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది, ఎదుటివాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకుంటుంది. మాట కొంచెం తేడాగా ఉంటుంది. సదరం సర్టిఫికెట్‌లో 62 శాతం వేశారు. బీకాం కంప్యూటర్స్ పాసైంది, ట్యాలీ, ఎక్సెల్ బాగా వచ్చు. ఒక కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగానికి టెస్ట్ బాగా రాసింది. ఇంటర్వ్యూకి నేనూ తోడు వెళ్లి మాట్లాడాను. ‘ఫోన్లు మాట్లాడాల్సి ఉంటుంది కదండీ’ అని పంపేశారు. ఇంకోచోట సంగతి చెప్పకుండా ఫోన్ ఇంటర్వ్యూ ఇస్తే మధ్యలోనే పెట్టేశారు. ఇకమీదట దాచమంటారా? ప్రైవేటు వదిలేసి పీహెచ్ కోటాలో బ్యాంకు ఉద్యోగానికే చదివించమంటారా?
– ఒక తండ్రి

జవాబు: దాచొద్దు. అలాగని రెజ్యూమె మొదటి లైన్‌లో పెట్టాల్సిన పనీ లేదు. ఏ దశలో ఏ ఏర్పాటు కావాలో, ఆ దశకు ముందు ఆ ఏర్పాటునే అడగాలి. 62 శాతం అన్న అంకె వల్ల హెచ్‌ఆర్‌లో కూర్చున్న మనిషికి భయం తప్ప ఇంకేమీ తెలియదు. ‘ఫోన్ బదులు వీడియో కాల్ పెట్టండి, మాటలు తెర మీద అక్షరాల్లో కనపడేలా క్యాప్షన్లు ఆన్ చేయండి’ అంటే ఏం చేయాలో తెలుస్తుంది.

ఆ ఫోన్ ఇంటర్వ్యూ సంగతే చూడండి. పెదవులు చూసి మాట పట్టుకునే అమ్మాయిని మొహం కనపడని చోట పరీక్షించారు. వాళ్లకు తెలియదు, మీరూ చెప్పలేదు. ఈసారి ఇంటర్వ్యూ కబురు రాగానే మీ అమ్మాయి తన మెయిల్ నుంచే ఇలా రాయొచ్చు: ‘నాకు వినికిడి లోపం ఉంది, హియరింగ్ ఎయిడ్స్ వాడతాను. ఎదుటివారి ముఖం కనిపిస్తూ, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే నాకు ఇబ్బంది ఉండదు. ఇంటర్వ్యూను నేరుగా గానీ వీడియో కాల్‌లో గానీ పెట్టగలరని కోరుతున్నాను.’ అంతే. ‘దయచేసి ఒక్క అవకాశం’ లాంటివి వద్దు. అడిగేది దయ కాదు.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఇంటర్వ్యూ గదిలోకి మీరు వెళ్లకూడదు. మీరు పక్కనుంటే వాళ్లు ప్రశ్న మిమ్మల్నే అడుగుతారు, జవాబు మీరే చెప్తారు, ఆ అమ్మాయి ఏం చేయగలదో ఎవరికీ తెలియకుండానే ఇంటర్వ్యూ అయిపోతుంది. మీరు రిసెప్షన్ దగ్గర కూర్చోండి. తనకు ఏ ఉద్యోగం ఇష్టమో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అది కూడా తననే అడగండి.

ఇక మొదటి కంపెనీ వాళ్లు చేసింది న్యాయమేనా? కాల్ సెంటర్ ఉద్యోగమైతే ఫోనే పని, ఆ మాటలో అర్థముంది. అకౌంట్స్‌లో పని ఎంట్రీలు, బ్యాంకు రీకన్సిలియేషన్, జీఎస్టీ లెక్కలు. వచ్చే కాసిని ఫోన్లు పక్క సీటు వాళ్లు తీసుకుని, బదులుగా వాళ్ల ఎంట్రీలు కొన్ని తను చేస్తే సరిపోయేది. వెండర్లతో మెయిల్‌లోనో చాట్‌లోనో మాట్లాడొచ్చు. యాజమాన్యం మీద మోయలేని భారం పడకుండా చేయదగ్గ ఇలాంటి మార్పునే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సహేతుక సర్దుబాటు అంటోంది. రాయడంలో ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి స్క్రైబ్‌ను, అంటే చెప్పింది రాసిపెట్టే సహాయకుడిని, నిరాకరించిన కేసులో, 2021లో, సుప్రీంకోర్టు ఈ సర్దుబాటు మనిషి మనిషికీ వాళ్ల అవసరాన్ని బట్టి ఉండాలని చెప్పింది. అందుకే ‘ఫోన్లుంటాయి’ అన్నప్పుడు ‘రోజుకు సుమారు ఎన్ని? వాటిలో మెయిల్‌కు మార్చగలిగినవి ఏవి?’ అని మర్యాదగా అడగడం మీ అమ్మాయి ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి.

ప్రైవేటు కంపెనీలకు రిజర్వేషన్ లేదు. కానీ అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, ఆపైన సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థలైతే దివ్యాంగులకు తగిన పోస్టులు ఏవో, ఎంపిక ఎలాగో, ఏ పరికరాలు ఇస్తారో అందులో రాసి, దివ్యాంగుల నియామకాలు, ఏర్పాట్లు చూసే ఒక లైజన్ ఆఫీసర్‌నూ పెట్టాలి. అప్లై చేసే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఇది వెతకండి. కనపడకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి. వాళ్ల జవాబు తీరును బట్టే సగం అర్థమైపోతుంది. వివక్ష స్పష్టంగా ఉంటే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అయితే మీకు జరిగింది నోటిమాట, కాగితం లేదు. దాని వెంట తిరగడం కంటే ఇకమీదట అడిగేదేదైనా మెయిల్‌లోనే అడగడం మేలని నా అభిప్రాయం.

బ్యాంకు పరీక్షలకు చదవొచ్చు, తప్పకుండా. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో దివ్యాంగులకున్న 4 శాతంలో 1 శాతం వినికిడి లోపం ఉన్నవారిది. గరిష్ఠ వయసులో జనరల్‌కు పదేళ్లు, ఓబీసీకి 13, ఎస్సీ, ఎస్టీలకు 15 ఏళ్ల సడలింపు ఉంటుంది. క్లర్క్ నియామకాల్లో ఇంటర్వ్యూ లేదు, మీ అమ్మాయికి ఇది కలిసొచ్చే విషయం. కేంద్ర నోటిఫికేషన్లలో పోస్టు పక్కన ‘డి’, ‘హెచ్‌హెచ్’ అని ఉంటే బధిరులకు, వినికిడి తక్కువున్నవారికి ఆ పోస్టు తగినదని గుర్తించారన్నమాట. సదరం ఒక్కటే కాదు, కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి. కానీ ‘బ్యాంకుకే’ అంటే ఒప్పుకోను. చదువుతూనే ప్రైవేటులో ప్రయత్నించనివ్వండి. ఖాళీగా గడిచిన మూడేళ్లకు జవాబు చెప్పుకోవడం వినికిడి లోపం గురించి చెప్పుకోవడం కంటే కష్టం. పైగా బ్యాంకులోనూ కౌంటరుంటుంది, గాజు అద్దం అవతల నుంచి గొణిగే కస్టమరూ ఉంటాడు. అక్కడా అడిగి ఏర్పాటు చేయించుకోవాల్సిందే. తేడా ఏంటంటే, ప్రభుత్వ సంస్థకు ఆ బాధ్యతను అదే దివ్యాంగుల చట్టం 20వ సెక్షన్ నేరుగా పెట్టింది. ఫిర్యాదులు తీసుకునే అధికారి కూడా అక్కడే ఉండాలి.

ఉద్యోగం వచ్చాక అసలు ఇబ్బంది ఎంట్రీల దగ్గర రాదు, మీటింగుల దగ్గర, భోజనాల బల్ల దగ్గర వస్తుంది. నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, అందరూ నవ్వుతారు, ‘ఏంటి?’ అంటే ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అంటారు. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. వినికిడి లోపం ఉన్నవాళ్లు ఆఫీసులో ఒంటరివాళ్లయ్యేది ఈ మాట దగ్గరే. కాబట్టి చేరిన మొదటి వారంలోనే టీం లీడర్‌కు రెండు మూడు విషయాలు చెప్పాలి. మీటింగ్‌లో తను కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది. వెలుతురు ఎదుటివాళ్ల మొహాల మీద పడాలి, వాళ్ల వెనక కాదు. నిర్ణయాలు మీటింగ్ అయ్యాక రాతలో రావాలి. ఫైర్ అలారం మోగితే పక్క సీటు వాళ్లు భుజం తట్టాలి. పక్కన ఒక్కరైనా ‘తర్వాత’ అనకుండా అప్పుడే చెప్పే స్నేహితురాలు దొరికితే పని సగం తేలికవుతుంది. అలాంటి మనిషిని తనే వెతుక్కోవాలి, కంపెనీ పాలసీ వెతికి పెట్టలేదు.

చేరేటప్పుడు ఇచ్చే ఆరోగ్య వివరాల ఫారంలో అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలి. అక్కడ దాస్తే రేపు ఇన్సూరెన్స్ దగ్గరా, సర్వీసు దగ్గరా చిక్కులొస్తాయి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, సంతకం చేసే ముందు, ఇంటర్వ్యూలో ఒప్పుకున్న ఏర్పాట్లన్నీ ఒక మెయిల్‌లో రాసి హెచ్‌ఆర్ చేత ‘సరే’ అనిపించుకోమనండి. టీం లీడర్ మారిపోయినా ఆ మెయిల్ పనికొస్తుంది.