బోరు తగ్గినప్పుడు వేరుశనగకు ఏ తడి ఆపాలి?

ప్రశ్న: మాకు రెండు ఎకరాల ఎర్రనేల ఉంది. బోరు తగ్గిపోయింది కాబట్టి ఈ రబీలో వేరుశనగకు అన్ని తడులూ ఇవ్వగలమన్న నమ్మకం లేదు. పంట పెరుగుదలను కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టి, ఏ తడి ఆపవచ్చో తెలుసుకోవచ్చని వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి అంటున్నాడు. ఆ లెక్కను నమ్మవచ్చా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: నమ్మవచ్చు, అయితే మీ నేల వివరాలు సరిగా ఇచ్చినప్పుడే. వేరుశనగకు డిశాట్ (DSSAT) అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక నమూనా, అంటే పైరు పెరుగుదలను లెక్కగట్టే పద్ధతి ఉంది. ఇటువంటి నమూనాను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేర్వేరు నీటి పరిస్థితుల్లో, విత్తే తేదీల్లో పరీక్షించి 1990వ దశకంలోనే ఫలితాలు ప్రచురించారు. రోజువారీ వాన, ఎండ, ఉష్ణోగ్రతలతో పాటు నేల లోతు, రకం, విత్తే తేదీ ఇస్తే, వేళ్ల దగ్గర ఏ రోజు ఎంత తేమ మిగులుతుందో, దానివల్ల కాయ ఎంత తగ్గుతుందో అది లెక్కగడుతుంది.

నేల లోతు దగ్గరే లెక్క తారుమారవుతుంది. మీటరు లోతుకు వంద మిల్లీమీటర్ల నీరు నిలిపే నేల మీదైతే, వేళ్లు దిగే 60 సెంటీమీటర్లలో నిలిచేది 60 మిల్లీమీటర్లే. అందులో సగం తగ్గేసరికి తడి ఇవ్వాలనుకుంటే, పైరు రోజుకు 5 మిల్లీమీటర్లు తాగే దశలో ఆ తడి ఆరు రోజులకు మించి రాదు. ముప్పై సెంటీమీటర్లకే గరుసు (వేళ్లు దిగలేని గట్టి రాతిపొర) తగిలితే మూడు రోజులే. ఎకరానికి 30 మిల్లీమీటర్లంటే సుమారు 1,20,000 లీటర్లు. మీ బోరు గంటకు ఎంత పోస్తుందో డ్రమ్ముతో కొలిచి దీనితో పోల్చుకోండి.

మొలక బాగా వచ్చిన తరువాత తొలిపూత వరకు పైరు కొంత బెట్టను తట్టుకుంటుంది కాబట్టి, ఆపదలచిన తడిని అక్కడే ఆపండి. ఊడలు (పూత తరువాత మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగి కాయ ఊరే వరకు మాత్రం తడి తప్పించవద్దు. పైమన్ను ఎండి గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న తడిమన్ను నుంచే నేరుగా తీసుకుంటుంది. ఈ పైపొర గట్టిదనాన్ని నమూనా సరిగా పట్టుకోలేదు, మీరే చేత్తో చూసుకోవాలి.

నమూనా అసలు ఉపయోగం, నా ఉద్దేశంలో, విత్తకముందే. మీ మండలపు ఇరవై, ముప్పై ఏళ్ల వాతావరణ వివరాలతో, ఉన్న నీటిని రెండెకరాలకూ అరకొరగా పెట్టినట్టు ఒకసారి, ఎకరంన్నరకే సరిపడా పెట్టినట్టు మరొకసారి మీ అబ్బాయి చేత లెక్క వేయించండి. ఎక్కువ ఏళ్లలో ఏది మెరుగ్గా వచ్చిందో చూసి విత్తనం కొనండి. దానికన్నా ముందు పొలంలో రెండు మూడు చోట్ల గుంత తవ్వి, గరుసు ఎంత లోతున తగులుతుందో కొలిచి అతనికి ఇవ్వండి.