‘ఇక్కడే’ అన్నది అక్కడ ఎలా చెప్పాలి?

“తప్పుగా ఏమీ అనలేదు పిన్నీ. నిన్ననే చెప్పానని అన్నాను, అంతే. ఆవిడ మొహం ముడుచుకుంది.”

మదనపల్లె అమ్మాయి బాధ ఇది. బెంగళూరు మారతహళ్లిలో మా అక్క ఇంటి పై వాటాలో నలుగురు ఆడపిల్లలు అద్దెకు ఉంటారు. ఇద్దరిది రాయలసీమ, ఒకరిది ఖమ్మం, ఒకరిది శ్రీకాకుళం. అందరివీ ఐటీ ఉద్యోగాలు, అందరి చూపూ అమెరికా మీదే. డిసెంబరులో నేను డాలస్ నుంచి వచ్చానని తెలిస్తే ఆదివారం పొద్దున్నే మెట్లు దిగి వచ్చేస్తారు. మొదట్లో ఆంటీ అనేవారు. పిన్ని అంటేనే జవాబు చెబుతానని షరతు పెట్టాక దారికి వచ్చారు.

మామూలు సందేహాలైతే నిమిషంలో తేల్చేస్తాను. కుక్కర్ తీసుకెళ్లండి, రబ్బరు రింగులు రెండు అదనంగా పెట్టుకోండి. చింతపండు మోయకండి, అక్కడ దొరుకుతుంది. చలికోటు మాత్రం ఇక్కడ కొనకండి, బెంగళూరు చలిని చూసి కుట్టిన కోటు మా జనవరికి చాలదు. ఈ అమ్మాయి సందేహానికి మాత్రం రెండుసార్లు కాఫీ కలపవలసి వచ్చింది.

జరిగింది ఇదీ. వీడియో కాల్‌లో అమెరికా మేనేజరు ఒక ఫైలు సంగతి అడిగింది. మన అమ్మాయి “ఐ డిడ్ టెల్ యూ యెస్టర్డే ఇట్‌సెల్ఫ్” అంది. ఆమె మనసులో ఉన్న తెలుగు వాక్యం “నిన్ననే చెప్పానండీ”. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు, పైగా చివర అండీ ఉంది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ అండీ రాలిపోయింది. దాని చోట ఎక్కడి నుంచో ఒక డిడ్ వచ్చి కూర్చుంది. మేనేజరు విన్నది వేరే వాక్యం: “చెప్పనే చెప్పానుగా, మళ్లీ అడుగుతావేం?”

మనం ఒక మాటను నొక్కి చెప్పాలంటే గొంతుతో పెద్దగా పని లేదు. మాట చివర ఏ తగిలిస్తే చాలు. నేనే, ఇక్కడే, నిన్ననే. బడిలో వ్యాకరణం మాస్టారు దీన్ని అవధారణ అనేవారు. ఇంకొంచెం కావాలంటే మాటను రెండుసార్లు అంటాం, వేడివేడి కాఫీ అన్నట్టు. మరీ కావాలంటే పగలును పట్టపగలు చేస్తాం, మొదటను మొట్టమొదట, చివరను చిట్టచివర. ఊనిక అంతా అక్షరాల్లోనే కట్టి ఉంటుంది. గుసగుసగా చెప్పినా, కాగితం మీద రాసినా పట్టపగలు పట్టపగలే. ఇంగ్లీషులో చాలాసార్లు మాట ఉన్నచోటే ఉంటుంది, గొంతు మారుతుంది.

బెంగళూరులో ఉన్నంతకాలం ఈ తేడా మనకు తగలదు. కన్నడంలో ఇల్లి అంటే ఇక్కడ, ఇల్లే అంటే ఇక్కడే. మనదే ఆ ఏ కూడా. తమిళులకు తాన్ ఉంది, హిందీవాళ్లకు హీ ఉంది. ఇందరి భాషల్లోనూ మాట వెనక నిలబడే ఒక చిన్న ముక్క ఉంది కాబట్టి, అందరూ కలిసి మాట్లాడే ఇంగ్లీషులో దానికి ఒక వేషం కట్టారు. ఆ వేషమే ఓన్లీ. “ఐ స్టే హియర్ ఓన్లీ” అంటే సిల్క్ బోర్డు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఎవరికైనా ‘ఇక్కడే ఉంటాను’ అని అర్థమవుతుంది. దానికి తోబుట్టువు ఇట్‌సెల్ఫ్. టుడే ఇట్‌సెల్ఫ్ అంటే ఈ రోజే. నేను దీన్ని వెక్కిరించను. నాలుగు భాషలవాళ్లు కూడబలుక్కుని వాడుకుంటున్న మాట వాళ్ల మధ్య తప్పెలా అవుతుంది? కాని డాలస్‌లో ఇంటి యజమానితో అదే అంటే, ఇల్లు కదలని మనిషా ఏమిటి అన్నట్టు చూస్తాడు.

మరి అక్కడ ఏం చేయాలి? ఓన్లీని బెంగళూరులో వదిలేసి, హియర్ అన్న మాట మీద బరువు వేయాలి. “ఐ సెంట్ ఇట్ యెస్టర్డే” తీసుకోండి, నాలుగే మాటలు. ఐ మీద బరువు పడితే ‘నేనే పంపాను, ఇంకొకరు కాదు’. యెస్టర్డే మీద పడితే ‘నిన్ననే పంపాను, ఇవాళ కాదు’. సెంట్ మీద పడితే ‘పంపనే పంపాను, లేదన్నది ఎవరు?’. మనకు మూడు వాక్యాలు. వాళ్లకు అవే నాలుగు మాటలు, అదే వరుస. బరువంటే అరవడం అనుకునేరు, కాదు. ఆ ఒక్క మాట కాస్త సాగుతుంది, స్వరం కాస్త లేస్తుంది, అచ్చు నిండుగా పలుకుతుంది. చుట్టూ ఉన్న మాటలు ఒదిగి దారి ఇస్తాయి.

ఈ ‘పంపనే పంపాను’ దగ్గర ఇంకొంచెం ఆగాలి, మన అమ్మాయి చిక్కుకున్నది ఇక్కడే. వస్తాడా రాడా అని అందరూ అనుకుంటున్న చోట ‘రానే వచ్చాడు’ అంటాం. ఇంగ్లీషు వాక్యంలో అదనంగా వచ్చే డూ, డిడ్ చేసే పని చాలావరకు ఇదే: ఎదుటివారు కాదన్నదాన్ని అవునని నిలబెట్టడం. ఎవరూ కాదనని చోట డిడ్ వేస్తే పిలవని పంచాయతీకి దిగినట్టే. మనవాళ్లు అదేదో మర్యాద అనుకుని మెయిళ్ల నిండా ఐ డిడ్ సబ్మిట్, ఐ డిడ్ కాల్ అని రాస్తూనే ఉంటారు. చదివేవారికి ‘నువ్వు చేయలేదని నేనెప్పుడు అన్నాను?’ అనిపిస్తుంది. నా దగ్గర ఒక నాటు పరీక్ష ఉంది. తెలుగులో ‘పంపనే పంపాను’ అనవలసిన సందర్భమైతే డిడ్ వాడండి. ‘పంపాను’ సరిపోతే సెంట్ సరిపోతుంది.

ఇవన్నీ నాకు పుస్తకాల్లో దొరకలేదు. నేను వెళ్లింది 1999లో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు తేదీలు తెలియకుండా పోతాయని అందరూ భయపడుతున్న రోజులు. మనవాళ్లకు ఆ భయమే అన్నం పెట్టింది. చేరిన మొదటి నెలలో, శనివారం పనికి రాగలవా అని ఫోనులో అడిగారు. “ఐ కెన్ కమ్” అన్నాను, మా ఊరి బడిలో నేర్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా, స్పష్టంగా. శనివారం వెళ్తే తలుపుకు తాళం. సోమవారం అడిగితే, రాలేనని నువ్వే అన్నావు కదా అన్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారనే చాలాకాలం అనుకున్నాను.

తరువాత చెవి తెరుచుకుంది. అమెరికావాళ్లు ‘రాగలను’ అన్నప్పుడు కెన్‌కు బరువు ఇవ్వరు. అది కన్ అని నలిగిపోయి, బరువంతా కమ్ మీదికి పోతుంది. ‘రాలేను’ అన్నప్పుడు ఆ మాట నిండుగా పలుకుతుంది గాని, చివరి ట చాలాసార్లు వినిపించనే వినిపించదు. అంటే అవును కాదుల తేడాను వాళ్లు ఆ ట కన్నా బరువును బట్టే పసిగడతారు. నేను కెన్‌ను నిండుగా పలికి, ఎంతో స్పష్టంగా రాలేనని చెప్పానన్నమాట! ఇప్పటికీ ఫోనులో ఒప్పుకోవలసి వస్తే ముందు ఎస్ అని, ఆ తరువాతే మిగతాది అంటాను.

నిజానికి బరువు వేయడం కన్నా తీయడమే మనకు కష్టం. తెలుగులో ప్రతి అచ్చుకూ దాని వాటా దానికి ముట్టాలి. మన పద్యంలో గురువూ లఘువూ కూడా పలికే కాలాన్ని లెక్కగడతాయి, ఊనికను కాదు. ఇంగ్లీషు పద్యం ఊనికల మీద నడుస్తుంది. అమెరికన్ భాషావేత్త కెన్నెత్ పైక్ 1945లోనే ఈ రెండు నడకలకు పేర్లు పెట్టాడు: ఊనికల లెక్కన నడిచేది ఒకటి, అక్షరాల లెక్కన నడిచేది ఒకటి. తరువాతివాళ్లు యంత్రాలతో కొలిచి, భాషలు అంత తూకంగా రెండుగా చీలవని తేల్చారు. అయినా నేర్చుకునేవారికి ఆ మాట పనికొస్తుంది. బనానాలో మూడు అచ్చులున్నా నడిమిదే నిండుగా పలుకుతుంది, అటూ ఇటూ ఉన్నవి నీడలు. ఫొటోగ్రాఫ్‌లో బరువు మొదట, ఫొటాగ్రఫీలో రెండోచోట, ఫొటోగ్రాఫిక్‌లో మూడోచోట. రికార్డ్, పర్మిట్ వంటి మాటలు వస్తువు పేరైతే బరువు ముందు పడుతుంది, పని పేరైతే వెనక పడుతుంది. ఇలాంటి జాబితాలు బట్టీ పట్టవద్దు. పదిసార్లు వింటే పడతాయి.

అంకెల సంగతి ఒక్క ముక్క. థర్టీకీ థర్టీన్‌కీ తేడా చివరి న మీద ఆధారపడితే మునుగుతారు. అద్దె, టైము, ఇంటి నంబరు చెప్పేటప్పుడు ‘వన్ త్రీ’ అని విడదీసి కూడా చెప్పండి.

శ్రీకాకుళం అమ్మాయి ఇక్కడ అడ్డుపడింది. “ఇంత చిన్నదానికి మనుషులు కోపం తెచ్చుకుంటారా పిన్నీ?” తెచ్చుకుంటారు. జాన్ గంపర్జ్ అనే అమెరికా పండితుడు 1982లో రాసిన ఉదంతం ఒకటి ఉంది. బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయం సిబ్బంది భోజనశాలలో భారత, పాకిస్తాన్ దేశాల ఆడవాళ్లు వడ్డన పనిలో కొత్తగా చేరారు. తినేవాళ్లకు వాళ్లు పొగరుగా, ముభావంగా కనిపించారు. వాళ్ల మధ్య జరిగే మాటలే తక్కువ. మాంసం తీసుకున్నవారిని పులుసు కావాలా అని అడగాలి, అందుకు గ్రేవీ అన్న ఒక్క మాట చాలు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను చివర పైకి లేపి అనేవారు, ‘పులుసు వేయమంటారా?’ అని వినిపించేది. మనవాళ్లు కిందికి దించి అనేవారు. ‘ఇది పులుసు, పట్టుకో’ అన్నట్టు వినిపించేది. రికార్డు చేసి వినిపిస్తే, రెండూ ఒకటే కదా అన్నారు మొదట ఆ ఆడవాళ్లు, తేడా వాళ్లకే తోచలేదు. ఆ ఆడవాళ్లలో ఒక్కరికీ పొగరు లేదు. నాకు ఆ ఉదంతం తెలిసిన రోజున 1999 నాటి తాళం వేసిన తలుపు గుర్తొచ్చింది.

“అయితే అమెరికా యాస నేర్చుకోవాలా? మా వీధిలో క్లాసులున్నాయి,” అంది ఖమ్మం అమ్మాయి. అవసరం లేదు. యాస వేరు, ఊనిక వేరు. గొంతులో తెలుగు ఉంటే ఎవరికీ నష్టం లేదు, ఏ మాట ముఖ్యమో వినేవారికి తెలిస్తే చాలు. విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 11 నుంచి 14 నిమిషాలు సాగే మాట్లాడే పరీక్షలో నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి, ఉచ్చారణ వాటిలో ఒకటి. అక్కడ చూసేదీ యాసను కాదు, మాట అర్థమవుతోందా, ఊనిక సరైన చోట పడుతోందా అని. బ్రిటన్ వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి బాసు క్వైట్ మీద బరువు వేసి “క్వైట్ గుడ్” అంటే పార్టీ ఇవ్వకండి. ‘పరవాలేదు గానీ...’ అని దాని అర్థం.

మెయిల్లో గొంతు ఉండదు కదా అని మనవాళ్లు పెద్ద అక్షరాల్లోకి దిగుతారు, ఎరుపు రంగు కూడా పూస్తారు. పెద్ద అక్షరాలంటే అరుపు. నేనూ ఒకసారి గడువు తేదీని అలా రాసి, ఎందుకు అరుస్తున్నావని జవాబు అందుకున్నాను. వాళ్ల పుస్తకాల్లో నొక్కవలసిన మాటను వాలుగా అచ్చువేస్తారు. ఆ వాలు అక్షరాలు 1500 ప్రాంతంలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చుకూటంలో పుట్టాయి. మొదట్లో పుస్తకం మొత్తం వాటితోనే వేసేవారు, నొక్కి చెప్పే ఉద్యోగం వాటికి తరువాత వచ్చింది. (తెలుగు అక్షరాన్ని వాలిస్తే నాకు మాత్రం గాలివానలో అరటిచెట్టులా కనిపిస్తుంది.)

రాతలో మనకు చేతనైన దారి ఒకటి ఉంది. ‘నాకు కావలసింది తాళంచెవి’, ‘నిన్న వచ్చింది మా తమ్ముడు’ అంటాం చూడండి, వాక్యాన్ని విరిచి ముఖ్యమైనదాన్ని విడిగా నిలబెట్టడం. ఇంగ్లీషులోనూ అచ్చం ఇదే ఉంది: వాట్ ఐ నీడ్ ఈజ్ అని మొదలుపెట్టి, కావలసినదాన్ని చివర పెట్టడం. ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు దీన్ని ఎక్కడో చివరి పాఠాల్లో పెడతాయి. మనం పాలు తాగే వయసులోనే నేర్చుకున్నాం.

సాధనకు నా పద్ధతి ఒకటే. రేపు మాట్లాడవలసిన మూడు వాక్యాలు రాసుకుని, ఒక్కోదానిలో ఒక్క మాట కింద గీత గీయండి. రెండు మాటల కింద గీయాలనిపిస్తే, ఏం చెప్పాలో మీకే ఇంకా తేలలేదన్నమాట. ఫోనులో రికార్డు చేసి వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు, నాకూ నచ్చలేదు. మదనపల్లె అమ్మాయి అక్కడే మొదలుపెట్టింది. డిడ్ తీసేసింది, ఇట్‌సెల్ఫ్ తీసేసింది, యెస్టర్డేను కాస్త లేపింది. ఆరోసారికి కుదిరింది. ఏడోసారి, నేను చెప్పకుండానే, ముందు ఒక సారీ చేర్చింది. రాలిపోయిన అండీ అలా మళ్లీ దొరికింది.

మధ్యాహ్నం ఆమెకు ఇందిరానగర్‌లో పని. గేటు దగ్గర ఆటో ఆగింది. ఎక్కడ దింపాలి, మెట్రో స్టేషనుకు ఇవతలా అవతలా అని డ్రైవరు అడిగాడు. “మెట్రో నియర్ ఓన్లీ అణ్ణా,” అంది. అతను తలూపి మీటరు వేశాడు.